రోడ్డు మీద పరిశోధన మొదలైంది సరే, ముగిసిందని రాసేదెవరు?

మార్చి, ఏప్రిల్ నెలలొస్తే ఇంజినీరింగ్ కాలేజీలున్న ఏ ఊళ్లోనైనా జిరాక్స్ షాపుల దగ్గర సివిల్ ఫైనలియర్ పిల్లలు బారులు తీరి ఉంటారు, ప్రాజెక్ట్ రిపోర్టులు బైండింగుకి ఇవ్వడానికి. శ్రీకాకుళం, విజయనగరం వైపూ అంతే. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ఓ అరవై డెబ్బై పేజీలు. ఎర్ర గ్రావెల్‌లో ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిపితే సీబీఆర్, అంటే నేల బరువు మోసే శక్తిని చెప్పే కొలత ఎంత పెరిగింది, తారులో ప్లాస్టిక్ వ్యర్థాలు కలిపితే మిక్స్ ఎంత గట్టిపడింది, ఫలానా జంక్షన్‌లో ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఎన్ని ఆటోలు, ఎన్ని బస్సులు వెళ్లాయి. ఒక కాపీ డిపార్ట్‌మెంటుకి, ఒకటి లైబ్రరీకి, ఒకటి గైడ్‌గారికి. మరుసటి ఏడాది పాతిక కిలోమీటర్ల అవతల ఇంకో కాలేజీలో ఇంకో బ్యాచ్ అలాంటి మట్టే తెచ్చి, ఫ్లైయాష్‌ని అవే శాతాల్లో కలిపి, అదే పరీక్ష చేసి, ఇంచుమించు అదే ఫలితం రాసే అవకాశం చాలా ఎక్కువ. కాపీ కొట్టారని అనుకోనక్కర్లేదు. ముందే ఒకరు చేశారని వాళ్లకి తెలిసే దారి లేదు, అంతే.

రవాణా పరిశోధనకి ఈ జబ్బు మరీ ఎక్కువ. ఇందులో పనిచేసేవాళ్లు ఒక్క గొడుగు కింద ఉండరు. ఆర్ అండ్ బీ ఒకవైపు, పంచాయతీరాజ్ ఇంకోవైపు, జాతీయ రహదారులు కేంద్రానివి, పట్టాలు రైల్వేవి, ప్రమాదాల లెక్క పోలీసులది, బస్సులు ఆర్టీసీవి, పరీక్షలు చేసే ల్యాబులేమో కాలేజీల్లో. డబ్బు ఒకరిది, పని ఒకరిది, రోడ్డు మూడోవారిది. ఫలితం ఎవరి బీరువాలో పడిందో మిగతా ఇద్దరికీ తెలియాలంటే, అందరూ చూడగలిగే, అందరూ రాయగలిగే ఒక చిట్టా కావాలి. ఉమ్మడి డేటాబేస్ అంటే అసలు విషయం అదే.

అలాంటి చిట్టాలో రెండు రకాల ఎంట్రీలుంటాయి. ముగిసిన పని, అంటే రిపోర్టు, థీసిస్, వ్యాసం. దీన్ని ఒకసారి సరిగ్గా ఎక్కిస్తే చాలు, మహా అయితే లింకు చెడిపోతుంది. రెండోది నడుస్తున్న పని. దీనికి ఇంకా రిపోర్టు లేదు, ఫలితం లేదు, ఉన్నదల్లా ఒక ఉద్దేశం, ఒక బడ్జెట్, ఒక మనిషి పేరు, ఒక గడువు. చూడ్డానికి పస లేనట్టుంటుంది కానీ ఎక్కువ పనికొచ్చేది ఇదే. ముగిసిన రిపోర్టు దొరికితే చదువుకుంటారు. నడుస్తున్న పని కనబడితే ఫోన్ చేసి మాట్లాడతారు, మనమూ అదే మొదలుపెట్టబోతున్నాం, మీ సాంపిళ్లు ఎక్కడివి, మేం వేరే మండలం తీసుకుంటాం అంటారు. డబ్బు ఖర్చు కాకముందే ఆపగలిగేది ఈ రికార్డొక్కటే. చిక్కేమిటంటే, ఇది నిల్వ ఉండే సరుకు కాదు.

ప్రపంచంలో ఈ పని పెద్దఎత్తున చేస్తున్న చోటు అమెరికాలోని ట్రాన్స్‌పోర్టేషన్ రిసెర్చ్ బోర్డు. 1920లో మొదలైన సంస్థ. వాళ్ల పాత సమాచార వ్యవస్థ ట్రిస్‌నీ, ఓఈసీడీ అనే కూటమిలోని దేశాలు కలిసి నడిపిన ఐటీఆర్‌డీ అనే రవాణా పరిశోధన డేటాబేస్‌నీ 2011లో కలిపేసి ట్రిడ్ అనే ఒకే డేటాబేస్ చేశారు. 14 లక్షలకు పైగా రికార్డులున్నాయి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, శ్రీకాకుళంలో కూర్చుని ఫోన్‌లో కూడా. దానికి అనుబంధంగా రిసెర్చ్ ఇన్ ప్రోగ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఉంది, పేరులోనే ఉన్నట్టు నడుస్తున్న, ఈమధ్యే ముగిసిన ప్రాజెక్టుల కోసం. అక్కడ ప్రతి ప్రాజెక్టుకీ ఒక స్టేటస్ ఉంటుంది: ప్రతిపాదనలో ఉంది, మంజూరైంది, నడుస్తోంది, ముగిసింది, మధ్యలో ఆపేశారు. ఐదంటే ఐదే మాటలు, కానీ వాటి మధ్య మార్పుని వేళకి రాయడంలోనే మొత్తం కష్టమంతా ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఉద్దానంలో, కవిటి మండలంలో ఒక పంచాయతీరాజ్ రోడ్డు, 2 కిలోమీటర్లు. అందులో 500 మీటర్లు కొబ్బరి పీచుతో నేసిన చాప, అంటే కాయర్ జియోటెక్స్‌టైల్ పరిచి దాని మీద వేశారు, మిగతాది మామూలుగా వేశారు. రెండింటినీ పోల్చి చూడమని ఒక కాలేజీకి అప్పజెప్పారు. రికార్డులో ఇలా ఉంది. మొదలు: 2021 జూన్. ముగింపు: 2023 మే. స్టేటస్: నడుస్తోంది. పరిశోధకుడి పేరు, కాలేజీ పేరు, నిధులిచ్చిన శాఖ పేరు, నాలుగు లైన్ల ఉద్దేశం. 2025లో పక్క జిల్లా డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఒకరు తమ దగ్గర కూడా పీచు చాప వేద్దామా అని ఆలోచిస్తూ ఈ రికార్డు తెరిచారనుకోండి. గడువు దాటి రెండేళ్లయింది, స్టేటస్ మాత్రం నడుస్తూనే ఉంది. పని నిజంగా సాగుతోందా? ముగిసి రిపోర్టు వచ్చాక ఎవరూ మార్చలేదా? గైడ్ వేరే ఊరు వెళ్లిపోయి సగంలో పడిపోయిందా? మూడింట్లో ఏదైనా కావచ్చు, రికార్డు చూస్తే మూడూ ఒక్కలాగే ఉంటాయి. ఆ డీఈఈకి ఇక్కడ దొరికింది సమాచారం కాదు, ఇంకో టెన్షన్.

ఇలాంటి చోట తేదీల గురించి ఒక చిన్న జాగ్రత్త చాలా మేలు చేస్తుంది. అనుకున్న ముగింపు తేదీ వేరు, నిజంగా ముగిసిన తేదీ వేరు, రెండింటికీ రెండు గళ్లు ఉండాలి. చాలా ఎక్సెల్ షీట్లలో ఒకటే గడి ఉంటుంది, గడువు పెరిగినప్పుడల్లా పాత తేదీ చెరిపి కొత్త తేదీ కొడతారు. అలా చేస్తే ఆలస్యం జరిగిన సంగతే మాయమైపోతుంది, ఎందుకు ఆలస్యమైందో అడిగే అవకాశం కూడా పోతుంది. ఈ ప్రాంతంలో ఆ కారణం ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. అప్పట్లో అక్కడ ఏ రోడ్డు మీదైనా ప్రయోగం నడుస్తుంటే, ఆ తేదీకి ముందు తీసుకున్న కొలతలూ తర్వాత తీసుకున్నవీ ఒకే లెక్కలో కలపకూడదు. నీట మునిగిన రోడ్డు ఎందుకు పాడైందో తెలియాలంటే మునిగిందని ఎక్కడో రాసి ఉండాలి కదా. ఆ ముక్క ఫైనల్ రిపోర్టు వచ్చేదాకా ఆగితే మర్చిపోతారు, నడుస్తున్న రికార్డులోనే ఆ వారమే రాయాలి.

పని ముగిశాక ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకోటుంది. పాత ఎంట్రీని అలాగే వదిలేసి, రిపోర్టుకి కొత్త ఎంట్రీ తెరుస్తారు. శీర్షిక కూడా ఈలోపు మారిపోయి ఉంటుంది. మొదట్లో ‘కొబ్బరి పీచు చాపతో గ్రామీణ రోడ్ల పటిష్టత’ అని పెట్టినది చివరికి ‘బలహీన నేలలపై సహజ నార వస్త్రాల పనితీరు’ అయి కూర్చుంటుంది. అప్పుడు అదే పని డేటాబేస్‌లో రెండు పనుల్లా కనిపిస్తుంది, ఒకటి ఎప్పటికీ ముగియనిది, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియనిది. నిధులిచ్చిన శాఖ ఒకసారి, కాలేజీ ఒకసారి, గైడ్ తన ఖాతాలో ఒకసారి ఎక్కిస్తే రెండు కాస్తా నాలుగవుతాయి. దీనికి మందు ఒక్కటే: మొదటి రోజే ఒక నంబరు ఇవ్వాలి, ఆ నంబరు చివరిదాకా మారకూడదు, శీర్షిక మారినా, గైడ్ మారినా, శాఖ పేరు మారినా. రిపోర్టు వచ్చాక దానికి వేరే రికార్డు ఉండొచ్చు, ఉండాలి కూడా, కానీ ప్రాజెక్టు రికార్డు నుంచి దానికి, దాన్నుంచి దీనికి దారి ఉండాలి.

మన దేశంలో థీసిస్‌ల విషయంలో ఈ ఆలోచన చక్కగా చేశారు. యూజీసీ 2009 నిబంధనల తర్వాత పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ కాపీలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడుతున్నారు, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం దాన్ని నడుపుతోంది. దానికి జోడీగా శోధ్‌గంగోత్రి ఉంది. పరిశోధన మొదలుపెట్టేటప్పుడు యూనివర్సిటీ ఆమోదించిన సినాప్సిస్, అంటే ఏం చేయబోతున్నారో చెప్పే సంక్షిప్త ప్రతిపాదన అందులో చేరుతుంది. గంగ పుట్టేచోటు గంగోత్రి కాబట్టి ఆ పేరు. థీసిస్ పూర్తయి శోధ్‌గంగలోకి వచ్చాక గంగోత్రిలోని సినాప్సిస్ నుంచి దానికి లింకు ఇవ్వాలన్నది పథకం. రవాణా మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు ముందు గంగలో, తర్వాత గంగోత్రిలో వెతికితే, రెండోదాంట్లో కనిపించేవాళ్లు సాటి ప్రయాణికులు. కానీ ఇవి ప్రధానంగా పీహెచ్‌డీలకే. ఎంటెక్ డిజర్టేషన్లు, బీటెక్ ప్రాజెక్టులు, శాఖలు చేయించుకునే అధ్యయనాలు వీటి పరిధిలోకి రావు. రోడ్ల వరకూ చూస్తే, 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దేశంలో జరిగిన రోడ్డు పరిశోధన మీద హైవే రిసెర్చ్ రికార్డ్ అనే జనరల్ రిపోర్టు వేస్తుంది, సంస్థలు పంపిన నడుస్తున్న పనులూ ముగిసిన పనులూ రెండూ అందులో ఉంటాయి. పంపినవే ఉంటాయి, సహజంగానే.

రాసినది మళ్లీ దొరకాలి కదా, అక్కడే ఊళ్ల పేర్లతో అసలు తంటా. శ్రీకాకుళం మీదుగా పోయే హైవే మీద ఏదైనా అధ్యయనం కావాలంటే ‘ఎన్‌హెచ్ 16’ అని వెతికితే 2010 తర్వాతవే వస్తాయి, అంతకుముందు అదే రోడ్డు ఎన్‌హెచ్ 5. విజయనగరం మీదుగా సాలూరు, కొరాపుట్ వెళ్లేది అప్పుడు 43, ఇప్పుడు 26. ఇక జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, పాలకొండ శ్రీకాకుళం నుంచీ సాలూరు విజయనగరం నుంచీ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. 2019లో రాజాం రోడ్డు మీద చేసిన అధ్యయనం రికార్డులో జిల్లా శ్రీకాకుళం అనే ఉంటుంది, ఇవాళ విజయనగరం అని వెతికేవాళ్లకి అది కనిపించదు. పాత ఎంట్రీలన్నీ కొత్త జిల్లాకి మార్చేద్దామా అంటే, అప్పటి రిపోర్టు లోపల శ్రీకాకుళం అనే అచ్చై ఉంది, రెండూ పొసగవు. మంచి పద్ధతి రెండూ ఉంచడం: అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, వాటితోపాటు అక్షాంశ రేఖాంశాలు. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా మట్టి తవ్విన గొయ్యి కదలదు. ఆమదాలవలస, రేగిడి ఆమదాలవలస అని రెండు వేర్వేరు మండలాలున్నాయి, ఇప్పుడు వేర్వేరు జిల్లాల్లో కూడా. మొదటి ఊళ్లో ఉన్న రైల్వే స్టేషన్ పేరేమో శ్రీకాకుళం రోడ్. ఇక ఇంగ్లిష్ స్పెల్లింగులు, ఇచ్ఛాపురానికే మూడు నాలుగున్నాయి, శ్రీకాకుళం బ్రిటిష్ కాలపు కాగితాల్లో చికాకోల్. ఈ ప్రాంతం తెలిసినవాళ్లు కూర్చుని ఒక ఊళ్ల పట్టిక రాసి పెడితే తప్ప బయటివాళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఇది ఎన్నటికీ అర్థం కాదు.

మనుషుల పేర్లదీ అదే కథ. ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, సూర్యనారాయణ అనే పేర్లు ఎన్నో లెక్కపెట్టలేం, ఇంటిపేరేమో ఒక్క అక్షరంగా ముందు నిలబడుతుంది. ఒక వ్యాసంలో అక్షరం ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో అప్పల ఒక ముక్క, నాయుడు ఒక ముక్క. ముగ్గురు మనుషులు ఒకరైపోతారు, ఒక్కరు ముగ్గురవుతారు. 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 అంకెల నంబరు ఉచితంగా దొరుకుతోంది, పరిశోధన చేసేవాళ్లు ఐదు నిమిషాల్లో తీసుకోవచ్చు, రికార్డులో పేరు పక్కన అది ఉంటే గొడవే లేదు.

సాంకేతిక పదాలకు ట్రాన్స్‌పోర్టేషన్ రిసెర్చ్ బోర్డు ఒక థీసారస్ వాడుతుంది, ఏ విషయానికి ఏ మాట వాడాలో ముందే తేల్చిన పదకోశం. ఎందుకంటే మన ఇంజినీర్లు బిటుమెన్ అనేదాన్ని అమెరికావాళ్లు ఆస్ఫాల్ట్ అంటారు, మనం లెవెల్ క్రాసింగ్ అంటే వాళ్లు గ్రేడ్ క్రాసింగ్ అంటారు, మన ఊళ్లో అయితే రైల్వే గేటు అంటారు. తెలుగులో తారు రోడ్డు అంటున్నాం కానీ బొగ్గు నుంచి వచ్చే తారు వేరు, ముడిచమురు నుంచి వచ్చే బిటుమెన్ వేరు, రోడ్ల మీద పోసేది రెండోదే. కీవర్డులు ఎవరికి తోచినవి వాళ్లు రాస్తే ఇవన్నీ చెల్లాచెదురైపోతాయి.

ఆపేసిన ప్రాజెక్టుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాటిని రాయడానికి చాలామంది సిగ్గుపడతారు. ఏదో మిశ్రమం కలిపారు, మొదటి వానకే రోడ్డు లేచిపోయింది, ప్రాజెక్టు ఆపేశారు, ఎంట్రీ కూడా తీసేశారు. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు. ఆ మిశ్రమం ఆ నేలలో పనికిరాదన్నది డబ్బు పెట్టి తెలుసుకున్న విషయం, దాన్ని చెరిపేస్తే ఇంకొకరు మళ్లీ డబ్బు పెట్టి తెలుసుకోవాలి. రికార్డుని ఎప్పుడూ తొలగించకూడదు, ‘ఆపేశారు’ అని మార్చి, ఎందుకో రెండు ముక్కలు రాయాలి. నిధులు ఆగిపోయాయా, కాంట్రాక్టరు మధ్యలో వెళ్లిపోయాడా, మిశ్రమమే విఫలమైందా అన్నది చదివేవాళ్లకి చాలా తేడా.

ముగిసిందన్న మాటకి కూడా రోడ్ల విషయంలో పూర్తి అర్థం లేదు. 2020లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో కొబ్బరి పీచు చాపలు వాడతామని ప్రకటించింది, ఏడు రాష్ట్రాల్లో కలిపి 1,674 కిలోమీటర్లు, అందులో ఆంధ్రప్రదేశ్‌కి 164. అప్పటి ఆ పథకం నిబంధన ప్రకారం ప్రతి విడతలో 15 శాతం పొడవు కొత్త టెక్నాలజీతో వేయాల్సి ఉండేది. కొబ్బరి, పీచు రెండూ ఉన్న కవిటి, కంచిలి వైపు ఇది రైతుకీ కూలీకీ సంబంధించిన సంగతి కూడా. పీచు చాప నేలలో కొన్నేళ్లకి కుళ్లిపోతుంది, అది లోపమేం కాదు, ఈలోపు కింది నేల గట్టిపడాలన్నదే దాని లెక్క. అంటే అసలు ఫలితం తెలిసేది చాప కుళ్లిన తర్వాతే. రెండేళ్ల ప్రాజెక్టు ముగిసి, రిపోర్టు ఇచ్చి, బిల్లు తీసుకున్నాక, నాలుగో వానాకాలంలోనో ఐదో వానాకాలంలోనో. అప్పటికి డేటాబేస్‌లో స్టేటస్ ముగిసింది అని ఉంటుంది, దాని వైపు చూసే నాథుడుండడు. కాబట్టి ఇలాంటి ప్రాజెక్టుల రికార్డుకి ముగింపు తర్వాత కూడా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. ఫలానా ఏడాది వానల తర్వాత చూశాం, ఫలానా చోట నుంచి ఫలానా చోటికి గుంతలు, పీచు ఉన్న ముక్కలో ఇన్ని, లేని ముక్కలో ఇన్ని. రెండు ఫొటోలు, ఒక తేదీ. ఇంత చాలు, మళ్లీ కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు.

మరి ఇవన్నీ ఎవరు చేయాలి? ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత, ఉమ్మడి డేటాబేస్‌కి అంతకంటే సరిపోయే మాట లేదు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. అమెరికాలో ఇది కాస్త గట్టిగా నడవడానికి కారణం అక్కడివాళ్లు ఎక్కువ శ్రద్ధ ఉన్నవాళ్లని కాదు, ఫెడరల్ నిధులతో పరిశోధన చేయించే రాష్ట్ర రవాణా శాఖలు నడుస్తున్న పనుల వివరాలూ ఫైనల్ రిపోర్టు వివరాలూ ఆ డేటాబేస్‌లో ఎక్కించాలని నిబంధనల్లోనే ఉంది. శోధ్‌గంగ నిండడానికీ కారణం అదే, థీసిస్ కాపీ ఇవ్వడం డిగ్రీ వ్యవహారంతో ముడిపడి ఉంది. డబ్బుకో డిగ్రీకో ముడి పెట్టిన చోట ఎంట్రీలు పడతాయి, మంచి మాటలతో అడిగిన చోట మొదటి ఏడాది పడి ఆగిపోతాయి. చివరి విడత చెల్లింపు బిల్లుతో పాటు రికార్డు నంబరు, మార్చిన స్టేటస్ ప్రింటు జతచేయాలి అన్న ఒక్క లైను ఒప్పందంలో ఉంటే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం తీరాలంటే ఒక మనిషి కావాలి, పేరుతో సహా. అది కాలేజీ లైబ్రేరియన్ అయితే మంచిది. గైడ్‌లు మారతారు, బ్యాచ్‌లు వెళ్లిపోతాయి, ఏఈలకి బదిలీలుంటాయి, లైబ్రరీ మాత్రం అక్కడే ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సివిల్ డిపార్ట్‌మెంట్లు పెద్ద సాఫ్ట్‌వేర్ కోసం ఆగనక్కర్లేదు. అందరూ తెరవగలిగే ఒక షీటు, అందులో నంబరు, శీర్షిక, ఎవరు, ఎవరి డబ్బు, ఎక్కడ, మొదలు, అనుకున్న ముగింపు, నిజమైన ముగింపు, స్టేటస్, రిపోర్టు ఎక్కడుంది, చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారు. ఆ చివరి గడి మర్చిపోకూడదు, రికార్డుని ఎంత నమ్మాలో చెప్పేది అదే. జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి గడువు దాటినవి వేరుచేసి, ఒక్కొక్కరికీ ఫోన్. ముందుగా ఎక్కించాల్సినవి లైబ్రరీ వెనక అరల్లో ఉన్న గత ఐదేళ్ల నల్ల అట్టల రిపోర్టులు, ఒక్కోదానికి పది నిమిషాలు పడుతుంది. మట్టి ఎక్కడ తవ్వారో రిపోర్టులో రాసి లేకపోతే ఆ బ్యాచ్ పిల్లలకి ఇప్పుడే ఫోన్ చేసి అడగాలి, ఇంకో రెండేళ్లు పోతే వాళ్లకీ గుర్తుండదు.